పాత ఇంటికి కొత్త కిటికీ ఎందుకు పెట్టనివ్వరు?

పాత కట్టడాలు, రిపేర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షికకి మామూలుగా వచ్చేవి స్లాబ్ కారుతోందనో, పక్కింటాయన గోడ మన జాగాలోకి జరిపాడనో, ఈశాన్యంలో బాత్రూం ఉందనో. ఈసారి మాత్రం ఉత్తరాలన్నీ జర్మనీ చుట్టూనే తిరిగాయి. పిల్లలు అక్కడికి చదువుకో ఉద్యోగానికో వెళ్ళడం, హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు వెళ్ళి చూసి రావడం, ఊరి మధ్యలో ఆ పాత ఇళ్ళు చూసి ముచ్చటపడటం, ఆ తర్వాత వాటి రూల్స్ విని తల పట్టుకోవడం, ఇదీ వరస. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం, వాస్తు వాళ్ళు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడం నమస్తే. మా పెద్దోడు జర్మనీల రేగెన్స్‌బర్గ్ అనే ఊర్ల కార్ల కంపెనీల ఇంజనీరు. ఊరి నడిమిట్ల పెద్ద చర్చి దగ్గర పాత ఇల్లు కిరాయికి తీస్కున్నడు. నేను, మా సారు పొయ్యి కొన్నాళ్ళు ఉండొచ్చినం. ఇల్లు సూడ ముచ్చటగనే ఉంది గని కిటికీల సందులకెల్లి సల్లగాలి కొడ్తది. ఓనరు ముసలాయన్ని అడిగితే నేను మార్చలేను, ఆఫీసోళ్ళు ఒప్పుకోరు అంటడు. ఎండకాలానికి ఏసీ పెట్టుకుంటమంటే అది గూడ వద్దంటడు. సొంత ఇంటికి కిటికీ పెట్టుకుంటే గవర్నమెంటుకు ఏం నొప్పి? మమ్మల్ని ఎర్రోళ్ళను చేస్తున్నడా? - మల్కాజిగిరి నుంచి ఒక అమ్మ

జవాబు: లేదమ్మా, ఆయన చెప్పింది నిజమే, పాపం ఆయన చేతులు కూడా కట్టేసే ఉన్నాయి. మీ అబ్బాయి ఉండే ఊరు మామూలు ఊరు కాదు. రేగెన్స్‌బర్గ్ పాత ఊరు మొత్తాన్ని, నదికి అవతలున్న ష్టాట్‌ఆమ్‌హోఫ్ పేటతో సహా, 2006లో యునెస్కో వాళ్ళు వరల్డ్ హెరిటేజ్ లిస్టులో పెట్టారు, ఆ కాస్త జాగాలోనే దగ్గర దగ్గర వెయ్యి బిల్డింగులకి చట్టం రక్షణ ఉంది. డాన్యూబ్ మీద రాతి వంతెన ఎక్కే ఉంటారు కదా, అది 1135లో మొదలుపెట్టి 1146కల్లా కట్టేశారు, అంటే మన హనుమకొండలో వెయ్యి స్తంభాల గుడి కంటే ముందే. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నో జర్మన్ ఊళ్ళు బూడిదైపోతే ఈ ఊరి నడిబొడ్డు పెద్దగా దెబ్బ తినకుండా బయటపడింది. అంతకుముందు కూడా వ్యాపారమంతా న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్ వైపు వెళ్ళిపోయి వందల ఏళ్ళు ఊళ్ళో డబ్బు పెద్దగా ఆడలేదు, డబ్బు లేకపోతే పాతవి పడగొట్టి కొత్తవి కట్టేవాళ్ళూ ఉండరు, అలా పేదరికమే వాటిని కాపాడింది.

ఇక చట్టం. అక్కడ ఇది బెర్లిన్‌లో కూర్చుని అందరికీ కలిపి చేసే చట్టం కాదు, 16 రాష్ట్రాలకి 16 చట్టాలు. మీ వాడుండేది బవేరియా, అక్కడి చట్టం 1973 నాటిది. దాని ప్రకారం రక్షిత బిల్డింగ్‌లో ఏది మార్చాలన్నా, ఏది తీసెయ్యాలన్నా ముందు సిటీ ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలి, గోడ రంగు, పైకప్పు పెంకు, తలుపు, మెట్లు, కిటికీ అన్నీ దాంట్లోకే వస్తాయి. వీధి వీధంతా కలిపి ఒక గుంపుగా కూడా రక్షిస్తారు, అలాంటి చోట విడిగా చూస్తే ఏ గొప్పా లేని ఇంటికి కూడా ముందు వైపు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి కుదరదు. లిస్టులో మా ఇంటి పేరు లేదు కదా అని తప్పించుకోవడానికి కూడా లేదు, బవేరియాలో లిస్టు సమాచారం కోసమే, ఇంటికి ఆ విలువ ఉంటే చట్టం దానంతట అదే వర్తిస్తుంది.

కిటికీ మీద అంత పట్టుదల ఎందుకంటే, ఇంటి ముఖంలో ముందు మారేది అదే, చెక్క ఫ్రేము తీసి లావుపాటి తెల్ల ప్లాస్టిక్ ఫ్రేము పెట్టారంటే మూడొందల ఏళ్ళ ఇల్లు కూడా ఒక్క పూటలో కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లా తయారవుతుంది. అక్కడ చాలా పాత ఇళ్ళల్లో ఒకదాని వెనక ఒకటి రెండు చెక్క కిటికీలు ఉంటాయి, మీరు గమనించారో లేదో, మధ్యలో జానెడు లోపు ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో నిలబడ్డ గాలే చలిని ఆపేది. అలాంటిది బాగు చేయిస్తే మామూలు డబుల్ గ్లాస్ కిటికీకి దగ్గర్లో పనిచేస్తుంది. కానీ ఒక కిటుకుంది: రబ్బరు పట్టీ లోపలి రెక్కకే వెయ్యాలి, బయటి రెక్కని కొంచెం ఊపిరాడేలా వదిలెయ్యాలి. రెండూ బిగించేస్తే లోపల్నుంచి వెళ్ళిన తేమ మధ్యలో చిక్కుకుని అద్దానికి చెమట పట్టి కింద చెక్క కుళ్ళిపోతుంది. మీ అబ్బాయిది ఒంటి కిటికీ అయితే లోపలి వైపు ఇంకో అద్దపు ఫ్రేము బిగించమని అడగొచ్చు, బయటికి కనిపించదు కాబట్టి ఆఫీసు వాళ్ళు దానికి ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. ఓనర్‌ని "మార్చండి" అని కాకుండా "బాగు చేయించండి" అని అడగమనండి, అప్పుడు ఆయన దగ్గర సాకు ఉండదు.

ఏసీ మాటకొస్తే, బయటి గోడకి అవుట్‌డోర్ యూనిట్ తగిలించడం ఆశ వదులుకోండి, గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టే పోర్టబుల్ రకం వాడుకోవచ్చు. హీటింగ్ బిల్లు మాత్రం ముందే అడిగి తెలుసుకోవాల్సింది, ఎందుకంటే ఇళ్ళలో కరెంటు గ్యాసు ఆదా కోసం పెట్టిన కేంద్ర చట్టంలో ఇలాంటి పాత ఇళ్ళకి మినహాయింపులున్నాయి, అద్దెకిచ్చేటప్పుడు చూపించే ఎనర్జీ సర్టిఫికెట్ కూడా వీటికి అక్కర్లేదు. ఇంకోటి, చలి అని కిటికీలన్నీ మూసేసి లోపల పప్పు, సాంబారు ఉడికిస్తూ కూర్చుంటే గోడకి బూజు పట్టడం ఖాయం, రోజుకి రెండు మూడు సార్లు కాసేపు మొత్తం తెరిచి మూసెయ్యమనండి, దీని మీద అక్కడ ఓనర్లకీ మన పిల్లలకీ పెద్ద యుద్ధాలే జరుగుతుంటాయి.

పాత ఇల్లంటే అక్కడ తాళం వేసి చూపించే బొమ్మ కాదని మాత్రం చెప్పాలి. అదే ఊళ్ళో వాలెన్ వీధిలో గోల్డెన్ టవర్ అని దాదాపు 50 మీటర్ల ఎత్తు గోపురం ఉంది, మధ్యయుగంలో డబ్బున్న వర్తకులు మా ఇల్లు ఎత్తంటే మా ఇల్లు ఎత్తని పోటీపడి కట్టుకున్న వాటిల్లో ఒకటి, ఇప్పుడది స్టూడెంట్స్ హాస్టల్. మీ చిన్నోడు కూడా అక్కడ చదువుకి వెళ్తే అప్లికేషన్ పెట్టించండి.

ప్రశ్న: సార్/మేడం, నేను రిటైర్డ్ సోషల్ టీచర్‌ని. మార్నింగ్ వాక్‌లో మా ఫ్రెండ్ ఒకాయన జర్మనీ మొత్తం బాంబుల్లో పోయింది, ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే పాత బజార్లన్నీ రామోజీ ఫిల్మ్ సిటీ సెట్టింగుల్లాంటివే అంటాడు. నేను ఒప్పుకోలేదు. తీర్పు చెప్పండి. - నల్లకుంట

జవాబు: మాస్టారూ, ఇద్దరూ సగం సగం గెలిచారు, టీ బిల్లు కూడా అలాగే పంచుకోండి. రేగెన్స్‌బర్గ్ సంగతి పైన చెప్పాను. బాంబర్గ్, గోర్లిట్జ్, క్వెడ్లిన్‌బర్గ్ కూడా నికార్సైన పాతవే, క్వెడ్లిన్‌బర్గ్‌లో అయితే చెక్క దూలాల మధ్య మట్టి, ఇటుక నింపి కట్టిన ఇళ్ళు 2000కి పైనే ఉన్నాయి. న్యూరెంబర్గ్ పాత ఊరు మాత్రం 1945 జనవరి 2 రాత్రి దాడిలో చాలామటుకు నేలమట్టమైంది. తర్వాత వాళ్ళు పాత వీధుల గీతల మీదే, అదే ఏటవాలు కప్పులు, అదే ఎర్రటి ఇసుకరాయి వాడి, కానీ కొత్త ఇళ్ళని కొత్త ఇళ్ళలాగే సాదాగా కట్టుకున్నారు, మనం గుర్తుపట్టలేం కానీ అది అబద్ధమూ కాదు.

డ్రెస్డెన్ కథ వేరు. అక్కడి ఫ్రావెన్‌కిర్షె చర్చి బాంబు దాడి అయిన రెండు రోజులకి, 1945 ఫిబ్రవరి 15న, మంటల వేడికి రాయి బలం పోయి కుప్పకూలింది. తూర్పు జర్మనీ ఉన్నన్నాళ్ళూ ఆ రాళ్ళ గుట్ట అలాగే ఉండిపోయింది, 1994లో తిరిగి కట్టడం మొదలుపెట్టి 2005 అక్టోబర్ 30న తెరిచారు. దగ్గరికెళ్ళి చూస్తే లేత రంగు గోడలో అక్కడక్కడా నల్లటి రాళ్ళు మచ్చల్లా కనిపిస్తాయి, అవి గుట్టలోంచి ఏరి, కొలిచి, వీలైనంతవరకు వాటి పాత స్థానంలోనే పెట్టిన అసలు రాళ్ళు. దాచకుండా కనపడనివ్వడం నాకు చాలా నచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1970ల నాటి కాంక్రీటు మున్సిపల్ ఆఫీసుని పడగొట్టి ఆ జాగాలో 35 ఇళ్ళు కట్టి 2018లో తెరిచారు, వాటిలో 15 యుద్ధంలో పోయిన ఇళ్ళకి నకళ్ళు, మిగతావి పాత పద్ధతి తలుచుకుంటూ కట్టిన కొత్తవి. మీ ఫ్రెండ్ గారి సెట్టింగ్ మాట అక్కడ కొంచెం అతుకుతుంది, పని నాణ్యంగానే ఉంది కానీ నాకెందుకో అక్కడ అన్నీ మరీ శుభ్రంగా అనిపిస్తాయి.

అసలు తమాషా ఏంటంటే నిన్న కట్టిన నకలుని చట్టం పాతదిగా చూడదు, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా సరే, కానీ మనం చూసి ముఖం తిప్పుకునే కాంక్రీటు దిమ్మెకి రక్షణ దొరకొచ్చు. మ్యూనిక్‌లో 1972 ఒలింపిక్స్ టెంటు కప్పుల స్టేడియం రక్షితం. బెర్లిన్‌లో ప్రయోగాల ఎలకల కోసం 1970లలో మొదలుపెట్టి కట్టిన ఒక ల్యాబ్ ఉంది, యుద్ధనౌకలాగా బయటికి పైపులు పొడుచుకుని ఉంటుంది, మూషిక బంకర్ అని జనం పేరు పెట్టుకున్నారు, దాన్ని 2023లో లిస్టులో చేర్చారు. అంటే వాళ్ళు చూసేది వయసో అందమో కాదు, ఆ కాలానికి ఇది సాక్ష్యమా కాదా అన్నది. మన దగ్గర హెరిటేజ్ అంటే నిజాం కాలం దగ్గరే ఆగిపోతుంది, ఇంకో యాభై ఏళ్ళకి మన 1960ల 70ల బిల్డింగులు ఫొటోల్లో కూడా మిగలవేమో.

ప్రశ్న: నమస్కారం అండీ. మా అల్లుడు గారు లీప్‌జిగ్‌లో సాఫ్ట్‌వేర్. అక్కడ వంద ఏళ్ళ పాత బిల్డింగ్‌లో ఫ్లాట్ కొనమని ఒక ఏజెంట్ వెంటపడుతున్నాడట, రక్షిత కట్టడం కాబట్టి పెట్టిన డబ్బంతా ట్యాక్స్‌లో వెనక్కి వచ్చేస్తుంది అంటున్నాడట. అమ్మాయి నన్ను అడిగింది, నేను మిమ్మల్ని అడుగుతున్నాను. పాత గోడకి ట్యాక్స్ ఎందుకు తగ్గిస్తారు? ఇందులో మతలబు ఏమైనా ఉందా? - కొండాపూర్

జవాబు: రాయితీ నిజం, "డబ్బంతా వెనక్కి" అన్నది ఏజెంట్ నోటి నుంచి వచ్చిన మాట. విడమర్చి చెప్తాను, కాస్త లెక్క ఉంటుంది, అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

లీప్‌జిగ్‌లో సుమారు 15,000 రక్షిత కట్టడాలున్నాయి, ఎక్కువ భాగం 1870 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా కట్టిన నాలుగైదు అంతస్తుల వాటాల ఇళ్ళు. 1990లో రెండు జర్మనీలు కలిసేటప్పటికి వాటి పరిస్థితి ఘోరం, కప్పులు కారి, దూలాలు కుళ్ళి, చాలావాటిల్లో మనుషులే లేరు. అన్నిటినీ బాగుచెయ్యాలంటే ప్రభుత్వం దగ్గర అంత డబ్బుండదు, అందుకని మీరు బాగుచేయించండి, ఆ ఖర్చుని మీ ఆదాయంలోంచి తీసేసుకోనిస్తాం అని ఇన్‌కం ట్యాక్స్ చట్టంలోనే రాసుకున్నారు. అద్దెకిచ్చే ఫ్లాట్ అయితే రిపేరు ఖర్చులో మొదటి 8 ఏళ్ళు ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 4 ఏళ్ళు 7 శాతం, మొత్తం 12 ఏళ్ళకి నూటికి నూరు. సొంతంగా ఉండేవాళ్ళకి 10 ఏళ్ళు 9 శాతం, అంటే 90 శాతం.

ఇప్పుడు మెలిక చూడండి. ఆ శాతాలు రిపేరు ఖర్చుకే, ఫ్లాట్ ధర మొత్తానికి కాదు. ధరలో భూమి వాటాకి ఏమీ రాదు, పాత గోడల వాటాకి అద్దెకిస్తే మామూలు చిన్న తరుగుదల వస్తుంది, 1925కి ముందు కట్టిన ఇంటికి ఏడాదికి 2.5 శాతం. రెండోది, ఇది ట్యాక్స్‌లోంచి తగ్గింపు కాదు, ఆదాయంలోంచి తగ్గింపు. రిపేరు వాటా 2 లక్షల యూరోలు అనుకుందాం, మొదటి 8 ఏళ్ళు ఏటా 18,000, తర్వాత 4 ఏళ్ళు 14,000 ఆదాయంలో తగ్గిస్తారు, అల్లుడు గారు 42 శాతం స్లాబులో ఉంటే పన్నెండేళ్ళకి మిగిలేది 84,000 యూరోలు, స్లాబు తక్కువైతే ఇంకా తక్కువ. మంచి సొమ్మే, కాదనను, కానీ రెండు లక్షలు కాదు కదా. పైగా బిల్డర్లకి ఈ రాయితీ సంగతి తెలుసు కాబట్టి దాన్ని ముందే ధరలో కలిపేసి అమ్ముతుంటారు, అదే వీధిలో ఆల్రెడీ బాగుచేసిన ఫ్లాట్ ఎంతకి పోతోందో కనుక్కోకుండా సంతకం పెట్టొద్దు.

షరతులు కూడా గట్టివి. రిజిస్ట్రేషన్ ఒప్పందం అయ్యాక చేసిన పనికే రాయితీ, ముందే అయిపోయిన పనికి రాదు. పని మొదలుపెట్టకముందే హెరిటేజ్ ఆఫీసు వాళ్ళతో కూర్చుని ఏం చేస్తున్నామో ఒప్పించుకోవాలి, అయ్యాక బిల్లులు చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ కాగితం లేకపోతే ట్యాక్స్ ఆఫీసు మొహం కూడా చూడదు. అంతా చేసేసి తర్వాత వెళ్ళి బతిమాలుకుందాంలే అనే మన పద్ధతి అక్కడ నడవదు. అద్దెకిచ్చిన ఫ్లాట్‌ని 10 ఏళ్ళ లోపు అమ్మితే లాభం మీద ట్యాక్స్ కూడా పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, అల్లుడు గారు పన్నెండేళ్ళు అక్కడే ఉంటారా? ఐదేళ్ళకి ఓ మంచి ఆఫర్ వచ్చి గచ్చిబౌలి వచ్చేస్తే, తగ్గించుకోవడానికి జర్మనీలో పెద్ద ఆదాయం ఏదీ? ముందు ఆ ప్రశ్న అడగండి. ఉంటారు అంటే, ఏజెంట్ పంపినవాళ్ళు కాకుండా సొంతంగా ఒక ట్యాక్స్ అడ్వైజర్‌ని పెట్టుకోమనండి.

ప్రశ్న: మేడం, మాది సుల్తాన్ బజార్ వైపు తాతల నాటి ఇల్లు, సున్నం గోడలు, మద్రాస్ టెర్రస్ కప్పు (చెక్క దూలాల మీద ఇటుక, సున్నం పరిచింది), నడిమిట్ల వాకిలి. అన్నదమ్ములం కలిసే ఉన్నం గాని కప్పు కారుతుంది, గోడలకు చెమ్మ. మేస్త్రీ మొత్తం గీకి సిమెంటు కొట్టి పైన తారు షీటు ఏద్దమంటుండు. మా తమ్ముడేమో బిల్డర్‌కిచ్చెయ్యమంటడు. జర్మనీల పైసలిచ్చి కాపాడుతరట కద, మనకేమిస్తరు? - సుల్తాన్ బజార్

జవాబు: అన్నా, మీ చివరి ప్రశ్న గురించే నాకు ఎక్కువ చెప్పాలనుంది, కానీ ముందు మేస్త్రీని ఆపండి.

సున్నం గోడ తేమ పీల్చి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు కొడితే పునాది నుంచి ఎక్కే నీరు బయటికి పోయే దారి లేక లోపలే ఉండి ఉప్పు పొడిలా పొంగి సిమెంటుని, దాంతోపాటు వెనకున్న పాత సున్నాన్నీ లాక్కుని పడిపోతుంది. రెండు మూడు వానాకాలాలు బాగానే కనిపిస్తుంది, మేస్త్రీ డబ్బు తీసుకుని వెళ్ళిపోయాక మొదలవుతుంది. జర్మన్లు కూడా చెక్క దూలాల ఇళ్ళకి యుద్ధం తర్వాత పదేళ్ళలో ఇరవై ఏళ్ళలో ఇదే పని చేశారు, సిమెంటు ప్లాస్టర్లు, ప్లాస్టిక్ రంగులు కొట్టి లోపల దూలాలు కుళ్ళబెట్టుకున్నారు, ఇప్పుడు వాటిని గీకి మట్టి, సున్నంతో మళ్ళీ చేస్తున్నారు. మన కుతుబ్ షాహీ సమాధుల రిపేర్లలో కూడా మొదట చేసిన పెద్ద పని వెనకటి వాళ్ళు కొట్టిన సిమెంటుని ఊడదీయడమే. కాబట్టి మీకు కావాల్సింది గానుగలో నూరిన డంగు సున్నం. దాన్ని కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి చేసే మేస్త్రీలు ఇప్పటికీ పాత బస్తీలో, గోల్కొండ వైపు పనుల్లో ఉన్నారు, వెతకండి. కప్పు మీద ముందు మొక్కల వేర్లు, తూముల అడ్డం చూడండి, చాలామటుకు లీకేజీలు అక్కడే. మద్రాస్ టెర్రస్‌లో దూలం గోడలోకి దిగే చివర పొడుచుకుని చూడండి, స్క్రూ డ్రైవర్ మెత్తగా దిగితే ఆ చివర కుళ్ళింది, మొత్తం దూలం కాదు, చివర మాత్రమే కోసి అతికే పని వడ్రంగి చేస్తాడు.

ఇక పైసలు. జర్మనీలో కాపాడటం అంటే బలవంతం ఒక్కటే కాదు, బేరం. చట్టం ఇంటాయన చేతులు కట్టేస్తుంది, ఆ చేతిలోనే ట్యాక్స్ రాయితీ పెడుతుంది, నిపుణుడు ఇంటికి వచ్చి చూసి సలహా ఇస్తాడు, రాష్ట్రాల నుంచి గ్రాంట్లు ఉంటాయి, బాన్‌లో 1985లో పెట్టిన ఒక హెరిటేజ్ ఫౌండేషన్ చందాలతో, లాటరీ డబ్బులో వాటాతో రిపేర్లకి ఇస్తుంది. గోర్లిట్జ్ అని పోలాండ్ బార్డర్‌లో ఊరుంది, సుమారు 4000 రక్షిత కట్టడాలు, 1995 నుంచి 2016 దాకా ఏటా ఎవరో ఒకరు ఆ ఊరి పాత ఇళ్ళ కోసం పది లక్షల మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు), యూరో వచ్చాక దానికి సమానంగా ఐదు లక్షల పైచిలుకు యూరోలు పంపారు, ఒకటే షరతు, ఎవరని అడగొద్దు. ఊరు అడగలేదు. మన దగ్గర అయితే రెండో ఏడాదికే ఫ్లెక్సీ పడేది. 1999లో అక్కడి రాజ్యాంగ కోర్టు ఇంకో మాట చెప్పింది, ఒక రాష్ట్ర చట్టం ఓనర్ భరించగలడా లేదా అని చూడకుండానే కూల్చడానికి వీల్లేదు అంటే అది ఆస్తి హక్కుకి విరుద్ధం అంది. ఒక కంపెనీ దగ్గర ఎందుకూ పనికిరాని పాత విల్లా ఉండి, దాని మీద నడిచిన కేసు అది. అంటే కాపాడు అనే హక్కు ప్రభుత్వానికి ఉంది, కానీ మొత్తం బరువు ఒక్కడి మీద వెయ్యకూడదు.

మన దగ్గర కట్టేయడం ఉంది, ఇవ్వడం దగ్గరే ఆగింది. 1995లో అప్పటి హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) పాత కట్టడాల రక్షణకి రెగ్యులేషన్ 13 తెచ్చింది, నూట యాభై దాకా కట్టడాలు, కొన్ని రాళ్ళ గుట్టలు కూడా లిస్టులోకి ఎక్కాయి, దేశంలో ఇలాంటి పని చేసిన మొదటి నగరాల్లో మనది ఒకటి, ఆ గొప్ప మనకి దక్కాల్సిందే. కానీ లిస్టులో పేరు పడిన ఇంటాయనకి రిపేరు డబ్బు ఎక్కడిది? చాలామంది ఏం చేశారంటే ఏమీ చెయ్యలేదు, కప్పు కారనిచ్చారు, గోడ పడనిచ్చారు, దేవిడీలు, అంటే నవాబుల కాలం నాటి పెద్ద ఇళ్ళు, ఎన్ని అలా పోయాయో పాత బస్తీలో ఎవర్నడిగినా చెప్తారు. 2015 డిసెంబర్‌లో ఆ రెగ్యులేషనే తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. కోర్టులు మాత్రం గట్టిగా నిలబడిన సందర్భాలున్నాయి, పాత నవాబు ప్యాలెస్ ఇర్రం మంజిల్‌ని కూల్చి అసెంబ్లీ కడదామన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. కానీ కోర్టు ఆపగలదు, సున్నం వెయ్యలేదు కదా.

మీ ఇల్లు ఏదైనా హెరిటేజ్ లిస్టులో ఉందా అని ముందు మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడం పక్కన ఉన్నవాళ్ళకి వేరే లెక్క, 2010 సవరణ తర్వాత 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు పర్మిషన్‌తోనే, రిపేరుకి కూడా అడగాలి. మీకు అది రాకపోవచ్చు. తమ్ముడితో మాత్రం ఒక మాట, బిల్డర్ ఇచ్చే లెక్కతో పాటు, వాకిలి ఉన్న ఇంటిని కెఫేకో, ఆఫీసుకో లీజుకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో ఆ లెక్క కూడా పక్కన పెట్టి చూడండి. చూశాక కూడా అమ్మేద్దాం అంటే అది మీ ఇంటి విషయం, నేను తప్పు పట్టను.

ప్రశ్న: జర్మనీలో అందరూ రూల్స్ పాటిస్తారా మేడం, మన దగ్గరలాగా రాత్రికి రాత్రి జేసీబీ పెట్టేవాళ్ళు ఉండరా? - బోడుప్పల్

జవాబు: ఎందుకుండరు. మ్యూనిక్ గీజింగ్ పేటలో గడియారాల మేస్త్రీ ఇల్లు అని పిలిచే చిన్న రక్షిత ఇల్లుండేది, 2017 సెప్టెంబర్‌లో ఎక్స్‌కవేటర్ వచ్చి నేలమట్టం చేసింది, పర్మిషన్ లేదు. ఆ పేట జనం రోడ్డెక్కారు, ఊరుకోలేదు. సిటీ ఏం చేసిందంటే ఫైన్ రాసి చేతులు దులుపుకోకుండా, అదే జాగాలో అదే ఎత్తు, అదే కొలతలతో మళ్ళీ కట్టు అని ఆర్డర్ ఇచ్చింది. ఒక కోర్టు ఆ ఆర్డర్ చెల్లదంది, పై కోర్టు చెల్లుతుందంది, ఏళ్ళు పట్టింది, చివరికి కట్టక తప్పలేదు. కట్టింది పాత ఇల్లు కాదు, అది పోయింది. కానీ పడగొడితే పెద్ద బిల్డింగ్ లేస్తుంది అన్న లాభం పోయింది చూడండి, దెబ్బ అక్కడ కొట్టారు.

ప్రశ్న: నేను మాసబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ ఫైనల్ ఇయర్. పాత కట్టడాల పని నేర్చుకోవడానికి జర్మనీలో ఇంగ్లీష్ మీడియం కోర్సు ఉందా? - ఒక స్టూడెంట్

జవాబు: ఉందమ్మా. కాట్‌బుస్‌లోని టెక్నికల్ యూనివర్సిటీలో వరల్డ్ హెరిటేజ్ స్టడీస్ మాస్టర్స్ ఇంగ్లీష్‌లోనే చెప్తారు, ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. అది ఎక్కువగా పాలసీ, మేనేజ్‌మెంట్ వైపు. గోడ, దూలం, సున్నం వైపు చెయ్యి పెట్టాలంటే బాంబర్గ్ యూనివర్సిటీ మంచిది కానీ అక్కడ జర్మన్ రావాలి, ఎలాగూ ఉద్యోగానికి కూడా రావాలి, ఎందుకంటే ఇంటి ఓనరు, వడ్రంగి, సిటీ ఆఫీసు క్లర్కు ఎవరూ నీతో ఇంగ్లీష్ మాట్లాడరు. వెళ్ళేముందు ఇక్కడే ఏదైనా సున్నం పని సైట్‌లో కొన్ని నెలలు నిలబడు, అప్లికేషన్‌లో దానికున్నంత విలువ మార్కులకి ఉండదు.

ప్రశ్న: సెప్టెంబర్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆ పాత ఇళ్ళని బయట నుంచి చూసి ఫొటో దిగడమేనా, లోపలికి పోనిస్తారా? - వనస్థలిపురం

జవాబు: మంచి టైంకే వెళ్తున్నారు. ప్రతి సెప్టెంబర్‌లో రెండో ఆదివారం దేశమంతా పాత కట్టడాల తలుపులు తెరిచే రోజు, 1993 నుంచి నడుస్తోంది. మామూలు రోజుల్లో తాళం ఉండే ఇళ్ళు, నేలమాళిగలు, చర్చి గోపురాల పై అటకలు, సగం రిపేరులో ఉన్న సైట్లు కూడా చూపిస్తారు, చాలాచోట్ల టికెట్ ఉండదు, ఓనరో మేస్త్రీనో పక్కనే నిలబడి చెప్తారు. ఏ ఊళ్ళో ఏమేమి తెరుస్తారో ముందే ప్రోగ్రాం వస్తుంది, కొన్నిటికి పేరు రాయించుకోవాలి, అమ్మాయిని ఆగస్టులోనే చూడమనండి. మెట్లు సన్నగా, నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే గోపురాలు వదిలేసి నేలమాళిగలు చూడండి, చీరకంటే పంజాబీ డ్రెస్ నయం, షూ తప్పనిసరి.